టేబుల్ మీదే ఉండిపోయిన ఫైలు

పోయిన వారం సాకేత్‌ని సరోజినీ నగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబెట్టి వదిలేశాను. పైకి రానని అతను, రాకపోతే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తానని ఇంద్రజ. వారం నుంచీ అలాగే నిలబడి ఉన్నాడంటే పాపం కాళ్ళు ఎంత పీకుతున్నాయో! కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి అతన్ని కదిలిస్తాను.

‘పలుకు’ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్లోనూ ఫోన్లోనూ ఉన్న తెలుగుని చూపు లేనివాళ్ళకి పైకి చదివి వినిపిస్తుంది. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కొందరు శని ఆదివారాలు కూర్చుని, జీతం భత్యం లేకుండా రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచెయ్యండి అని లోకం మీదికి వదిలేశారు. బాగుచేసినవాళ్ళు తమ మార్పుని వెనక్కి పంపిస్తారు. పద్మనాభంగారు చూసి సరేనంటే అది పలుకులో కలుస్తుంది. ఆయన పగలు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. సెలవు దొరికితే పలుకు పెద్ద. దీన్ని మొదలుపెట్టింది ఆయనా, ఆయన స్నేహితుడు రంగనాథ్. ఆ రంగనాథ్ ఒకనాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఎందుకని ఎవరైనా అడిగితే పద్మనాభంగారు “వాడిష్టం” అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

ఇక మన సాకేత్. కరీంనగర్ మనిషి, గురుగ్రామ్‌లో ఉద్యోగం. మొన్న వేసవిలో పలుకుకి ఒక కొత్త గొంతు తయారుచేసి పంపాడు. అచ్చంగా మనిషి పక్కన కూర్చుని చదివినట్టే ఉంటుంది. వేసవి పోయింది, వానలు పోయాయి, దీపావళి వచ్చి పొగ మిగిల్చి పోయింది. పద్మనాభంగారి దగ్గర్నుంచి ఔననీ లేదు, కాదనీ లేదు. సాకేత్ గుర్తు చేశాడు, బతిమాలాడు, చివరికి అందరూ చూసేచోట కోపంగా రాశాడు. జవాబు లేదు. దాంతో వేరు కుంపటి పెట్టేస్తానన్నాడు. ఈ లోకంలో అది చాలా సులువు. ఉన్నదంతా కాపీ చేసుకుని కొత్త పేరు పెట్టుకుంటే సరి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఆదివారం సాయంత్రమే ప్రకటన. పనిచేసేవాళ్ళు ఉన్నదే గుప్పెడు మంది. ఆ గుప్పెడూ రెండుగా చీలితే రెండు కుంపట్లూ ఆరిపోతాయని ఇంద్రజ భయం. ఆ అమ్మాయి కూడా ఈ గుప్పెట్లోదే, మనుషుల్ని కలిపి ఉంచడం తన డ్యూటీ అనుకునే రకం. అందుకే ఇవాళ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని పట్టుబట్టింది.

సరే, సాకేత్ మెట్లెక్కాడు.

*

మార్కెట్ జనంలో భుజాలు రాసుకుంటూ, “దో సౌ, దో సౌ” అని రెండొందలకే అమ్మే కేకల మధ్యనుంచి గవర్నమెంటు క్వార్టర్ల వైపు తిరిగేసరికి సాకేత్ కోపం కాస్త నలిగింది కానీ చావలేదు. గేటు తీస్తూ మళ్ళీ చెప్పాడు.

“పది నిమిషాలే కూసుంట. చెప్పేది చెప్పి వెళ్ళిపోత.”

“ఠీక్ హై బాబూ, పది నిమిషాలే” అంది ఇంద్రజ. ఈ ఇంట్లో పది నిమిషాల్లో బయటపడినవాడు లేడని ఆ అమ్మాయికి తెలుసు.

ఇంటి ముందు చిన్న గడ్డి జాగా. చలికాలపు ఎండ అక్కడొక్కచోటే పడుతుంది కనక సంసారమంతా అక్కడికే వచ్చేసింది. పాత దుప్పటి మీద కాలీఫ్లవర్ ముక్కలు ఆరుతున్నాయి, ఆవకాయకి. పక్కన చాప మీద, ఆదివారం భోజనానికొచ్చిన జానకీదేవి కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఫరీదాబాద్‌లో బ్యాంకు ఆఫీసరు. పుట్టుకతో చూపు లేదు. పెరిగిందంతా ఢిల్లీలోనే. పలుకులో ఏ మార్పు చేసినా మొదట వాడి చూసి తిట్టేది ఆవిడే. ఒక చెవిలో ఫోను తాలూకు పోగు, అందులోంచి డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గడగడా ఏదో శబ్దం. అది పలుకు పాత గొంతు, మూడింతల వేగంలో. మనకేమీ అర్థం కాదు. ఆవిడ మాత్రం బ్యాంకు సర్క్యులర్ వింటోంది.

“రావయ్యా, రా. మెట్రోలో సీటు దొరికిందా?” అంటూ పద్మనాభంగారే ఎదురొచ్చి కుర్చీ వేశారు. స్వెట్టర్ మీద స్వెట్టర్, తలకి మఫ్లర్. ఇన్నాళ్ళూ తను ఊహించుకున్న శత్రువు ఇలా కోతిటోపీకి ఒక్క మెట్టు కింద ఉంటాడని సాకేత్ అనుకోలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. తిట్టడానికి వచ్చినవాడికి మర్యాద చేస్తే ఎంత ఇబ్బందో ఎవరికైనా అనుభవమే.

“సీటు సంగతి కాదు సార్...”

“ముందు అన్నాలు తినండి” అన్నారు లోపల్నుంచి ఆయన భార్య అన్నపూర్ణేశ్వరిగారు.

“తినెటందుకు రాలేదు ఆంటీ.”

“తినడానికి ఎవరొస్తారు బాబూ! వచ్చాక తింటారు. మెంతికూర పప్పు చల్లారిపోతోంది.”

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళెవరూ పలుకు చరిత్రలో లేరు. కంచాలు ఎండలోకే వచ్చాయి. సాకేత్ పప్పు కలిపి, నోట్లో పెట్టుకోబోయి, ఇక ఉండబట్టలేక కంచం కింద పెట్టేశాడు.

“ఒక్క మాట అడుగుత సార్. నేను ఎండకాలంల పంపిన. ఇయ్యాల్టిదాంక ఒక్క అక్షరమన్న రాసిండ్రా? బాగలేదని రాయుండ్రి, పనికిరాదని రాయుండ్రి, పడ్త. మీరు అసలు నన్ను మనిషి లెక్కనే చూడలే.”

పద్మనాభంగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆయన ముఖంలో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం. అదే విచిత్రం.

“అదేవిటయ్యా! నీ మంచి కోసమే కదా నేను రాయంది!”

“నా మంచా?”

“మరి? నేను కాదని రాశాననుకో, ఆ మాట అక్కడ ఎప్పటికీ ఉండిపోతుంది. రేపు నువ్వు ఇంకో ఉద్యోగానికి వెళ్తావు. వాళ్ళు నీ పేరు కొట్టి చూస్తారు. సాకేత్ పంపింది తిప్పికొట్టారు అని కనిపిస్తుంది. మా ఆఫీసులో కిందివాడు తెలియక ఏదో ప్రపోజల్ పెడతాడు. దాని మీద ‘కాదు’ అని రాసి సంతకం పెడితే కుర్రాడికి జన్మంతా మచ్చ. మంచి ఆఫీసరెవడూ అలా రాయడు. ఫైలు టేబుల్ మీద ఉంచుకుంటాడు, అంతే. నాలుగు రోజులు చూసి ఆ కుర్రాడే లోపలికొస్తాడు, ‘సార్, ఆ ఫైలొకసారి ఇస్తారా’ అని. కూర్చోబెట్టి టీ చెప్పి, ఇక్కడిలా ఉంది, ఇక్కడిలా మార్చు అంటాం. పట్టుకెళ్ళి మార్చి తెస్తాడు. కాగితం మీద ఎవరికీ మచ్చ లేదు. నా పై ఆఫీసర్లు నన్నలాగే కాపాడారు. నేనూ అలాగే...” ఆయన గొంతు కొంచెం తగ్గింది. “నువ్వొస్తావని చూశానయ్యా. ప్రతి ఆదివారం చూశాను.”

“ఏడికొస్త సార్?”

“ఇక్కడికే. గురుగ్రామ్ ఎంత దూరం?”

“మీరు ఢిల్లీల ఉంటరన్న సంగతే నాకు మొన్న ఇంద్రజ చెప్తె తెలిసింది! అమెరికానో, అమలాపురమో అనుకున్న. నాకు మీ పేరు తప్ప మొఖం గూడ తెల్వదు!”

 ముందు జానకీదేవి కిసుక్కుమంది. తర్వాత ఇంద్రజ నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగింది. పద్మనాభంగారు మాత్రం నవ్వలేదు. సాకేత్ అసలే నవ్వలేదు.

“అంకుల్” అంది ఇంద్రజ, నవ్వు తుడుచుకుని, “ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రాసే మావాళ్ళలో కాదనిపించుకోవడం మచ్చ కాదు. వేరేచోట్లకి నేను పంపినవి ఎన్ని తిరిగొచ్చాయో! అందరివీ వస్తాయి. కాదు, ఎందుకంటే ఇది, అని ఎవరైనా రాస్తే వాళ్ళు మన కోసం గంటసేపు కూర్చున్నారని అర్థం. అసలు ఏమీ రాయకపోతే... తలుపు తీసి, మనిషిని చూసి, మళ్ళీ వేసేసినట్టు.”

పద్మనాభంగారు ఆ మాట విని కంచం వైపు చూస్తూ ఉండిపోయారు. నాకాయన మీద జాలేసింది. ముప్పై ఏళ్ళు మర్యాద అనుకుని చేసిన పని మొరటుతనమని భోజనం మధ్యలో తెలిస్తే ఎవరికి గొంతు దిగుతుంది?

“ఇంతకీ దాంట్ల తప్పేంది సార్?” సాకేత్ అడిగాడు. ఈసారి గొంతులో పోట్లాట లేదు, భయం ఉంది.

జవాబు పద్మనాభంగారు చెప్పలేదు. జానకీదేవి చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. “ఇంద్రజ పోయిన వారం నా ఫోన్లో నీ గొంతు పెట్టింది భయ్యా. విను.”

మామూలు వేగంలో ఒక కథ మొదలైంది. ఆడగొంతు. ఎండలో కూర్చున్న అందరూ కాస్త ముందుకి వంగారు. అన్నపూర్ణేశ్వరిగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అంత బాగుంది. తర్వాత జానకీదేవి వేగం పెంచింది. ఒకింత పెంచేసరికి మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంకా పెంచేసరికి వట్టి గుయ్‌మన్న మోత మిగిలింది.

“చూశావా? ఇందులో నాకూ ఏం తెలీదు. పాత గొంతు వికారమే. మా ఇంట్లో దాన్ని తాతగారు అంటాం. కానీ తాతగారు ఎంత పరిగెత్తినా మాట మింగరు. బ్యాంకులో నాకు రోజూ ఇంతింత చదవాలి. చూపున్నవాళ్ళు కళ్ళతో గబగబా చదివినట్టు నేను చెవితో చదవాలి కదా. నువ్వు తాతగారిని తీసేసి ఈమెను పెట్టావు. ఇది వచ్చేస్తే సోమవారం నా పని సగం పడిపోతుంది.”

సాకేత్ ఆ ఫోన్ వైపు చూశాడు. తర్వాత పద్మనాభంగారి వైపు తిరిగాడు.

“మీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసింది సార్?”

“నువ్వు పంపిన వారంలోనే. వేగం పెంచి చూశాను.”

“ఇది ఒక్క లైను రాస్తె అయిపోవు కద సార్! ఒక్క లైను! తాతను తియ్యకుంట, ఇద్దర్నీ పెడ్తుంటి. ఎవరికి ఏది కావాల్నో వాళ్ళే ఎంచుకుందురు. ఒక్క వారం పని!” అతని కళ్ళు నిండిపోయాయి. దాచుకోవడానికి తల పక్కకి తిప్పుకున్నాడు కానీ ఎండ ఎదురుగానే ఉంది. “అది మా అక్క గొంతు సార్.”

“అక్కదా?” అన్నారు అన్నపూర్ణేశ్వరిగారు.

“ఏప్రిల్ నెల కరీంనగర్ ఎండ ఎట్లుంటదో మీకు తెల్వదు ఆంటీ. ఫ్యాన్ చప్పుడు వస్తదని ఫ్యాన్ బంద్ చేసి, కిటికీలు మూసి, చెమటలు కార్చుకుంట, రికార్డింగు కోసం నేనిచ్చిన వాక్యాలన్నీ చదివింది. రోజూ బడిల పాఠాలు చెప్పొచ్చి మళ్ళ గొంతు పోయేదాంక చదివేది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతది, ‘నా గొంతు ఎప్పుడొస్తదిరా తమ్మీ’ అని. ఏం చెప్పాలె? బాగలేదన్నరని చెప్దామంటే అట్ల గూడ అనలేదు కద మీరు.”

పద్మనాభంగారు లేచారు. ఎడంచేత్తో కుర్చీ జరుపుకుని సాకేత్ పక్కన కూర్చున్నారు. క్షమించమనడం ఆయనకి అలవాటు లేని పని. అయినా అన్నారు.

“తప్పు నాదేనయ్యా. మీ అక్కయ్యకి నేనే ఫోన్ చేసి చెప్తాను. గొంతు బంగారంలా ఉందమ్మా, ఆలస్యం నావల్లే అని.”

“పనికి తాతగారు, కథలకి అక్క. నాకిద్దరూ కావాలి” అంది జానకీదేవి, తీర్పు చెప్పేసినట్టు, మళ్ళీ బఠాణీల పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంటూ.

సాకేత్ ముక్కు తుడుచుకుని కంచం అందుకున్నాడు. పప్పు చల్లారిపోయింది. అన్నపూర్ణేశ్వరిగారు మాట్లాడకుండా వేడిపప్పు తెచ్చి దాని మీదే పోశారు, నెయ్యి కూడా. ఇంద్రజ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఢిల్లీ గాలే అయినా ఆ క్షణాన తియ్యగా ఉంది.

కథ ఇక్కడ ఆగితే నాకూ సుఖంగా ఉండేది.

*

కంచాలు తీస్తూ అన్నపూర్ణేశ్వరిగారు హఠాత్తుగా ఆగిపోయారు. భర్త ముఖంలోకి చూశారు.

“ఏవండీ... రంగనాథ్‌గారిది కూడా అలాగే టేబుల్ మీద పెట్టుకున్నారా?”

పద్మనాభంగారి చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తీశారు కానీ తుడవలేదు.

“పలుకుని ఫోన్లోకి తేవాలని రాసి పంపాడు” అన్నారు. “అప్పటి ఫోన్లలో అది సరిగ్గా పనిచేసేది కాదు, నత్తలా నడిచేది. నాకంటే తెలివైనవాడు, పలుకుని నాతో కలిసి కన్నవాడు. పదిమంది చూసేచోట వాణ్ణి కాదని ఎలా రాయను? ఊరుకున్నాను. ఇంటికొస్తాడు, మాట్లాడుకుందాం అనుకున్నాను. రాలేదు. పొగరనుకున్నాను. తర్వాత మంచి ఫోన్లొచ్చాక మనమే పెట్టాం. వాడు రాసిందే వాడాం.” భార్య వైపు తిరిగారు. “వాడేమనుకుని ఉంటాడే? తన పని వాడుకుని, తనతో మాట్లాడలేదనేగా?”

ఆవిడ కంచాలు అలాగే పట్టుకుని నిలబడ్డారు. కొన్నింటికి జవాబు భార్యలు కూడా చెప్పలేరు.

అంతలో ఇంద్రజ చూసింది, సాకేత్ ముఖం పాలిపోయి ఉంది.

“ఏమైంది?”

“సార్...” సాకేత్ మెల్లగా అన్నాడు. “పాత కోడ్‌ల అడుగున ఆయన పేరుండె. ఎట్లనో దొరకబట్టి మెయిల్ చేసిన. నా కథంత చెప్పిన. నేను పెట్టే కొత్తదానికి పెద్దగ ఉండమని అడిగిన. ఒప్పుకున్నరు. తనకు గూడ అట్లనే జరిగిందన్నరు, అంతకు మించి చెప్పలే.”

“ఎక్కడున్నాడు వాడు? హైదరాబాదేనా?”

“లేదు సార్. ఫరీదాబాద్.”

“మా ఫరీదాబాదా!” జానకీదేవి చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్ళూ ఒకే మెట్రో ఎక్కుతూ, ఒకే పొగ పీలుస్తూ, ఒకరు వస్తారని ఒకరు, పిలుస్తారని ఒకరు. పద్మనాభంగారు ఏదో అనబోయారు. అంతలో చాప మీదున్న సాకేత్ ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి అతను ఇంద్రజ వైపు చూశాడు. ఇంద్రజ తలూపింది. సాకేత్ స్పీకర్ నొక్కి, ఫోన్ మెల్లగా పద్మనాభంగారి ముందు పెట్టాడు.

“ఏమయ్యా సాకేత్, వెళ్ళావా?” అవతల గొంతుకి వయసు మీదపడింది కానీ పాత చమత్కారం ఇంకా ఉంది. “ఏమన్నాడు మీ పెద్దమనిషి? ఏమీ అని ఉండడులే. వాడేమీ అనడు. అదే వాడి రోగం.”

“రంగా” అన్నారు పద్మనాభంగారు.

ఫోన్ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

“రంగా, నువ్వు పంపింది నేను అప్పుడే చూశాను. ఆ వారంలోనే. నెమ్మదిగా నడుస్తోందని అనిపించింది. ఆ మాట నీకు రాయాల్సింది. రాస్తే నిన్ను చిన్నబుచ్చినట్టవుతుందని ఊరుకున్నాను. నువ్వొస్తావని చూశాను. తర్వాత నీ పనే వాడుకున్నాం, అదీ నీకు చెప్పలేదు. చెప్పాల్సిందిరా. తప్పైపోయింది.”

ఫోన్ కట్ కాలేదు. మాటా రాలేదు. ఎక్కడో ఫరీదాబాద్‌లో ఒక కుక్కర్ కూత వేసింది, అది మాత్రం స్పష్టంగా వినిపించింది. పద్మనాభంగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ చిన్న తెర వైపే చూస్తున్నారు. జవాబు కోసం కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకి ఇప్పుడు తెలుస్తోంది. అన్నపూర్ణేశ్వరిగారు కంచాలు దించి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“ఒరేయ్ పద్మనాభం” అంది చివరికి ఆ గొంతు. అందులో చమత్కారం లేదు. తడి ఉంది. “ఇదేదో నిన్న చెప్పి చావకూడదట్రా?”

“ఏం? ఇవాళైతే ఏమైంది?”

“సాకేత్ సాయంత్రం దాకా ఆగుదామన్నాడు. అక్కడికెళ్తే నీ మర్యాదకి కరిగిపోతాడని నేనే ఆగలేకపోయాను.” కుక్కర్ మళ్ళీ కూసింది. “వేరుపడ్డామని అందరికీ చెప్పేశానురా. పొద్దున్నే. నీ గురించి రాయకూడని మాటలు కూడా రాసేశాను.”

ఇంద్రజ తన ఫోన్ తెరిచి చూసింది. అప్పటికే ఆ ప్రకటన కింద వందమంది మాట్లాడుతున్నారు.